మూడో స్థానం

“మొదటి ముగ్గురిలో వస్తే పిల్లనిస్తాను. నాలుగోవాడుగా వచ్చాడా, వాడి పేరు మళ్ళీ మనింట్లో వినపడకూడదు. అంతే!”

కోటలో ఫిరంగి మీద చెయ్యేసి మరీ తీర్పు చెప్పాడు రైలు డ్రైవరు. కూతురు కళ్ళనీళ్ళు కుక్కుకుని తల్లి వైపు చూసింది. తల్లికి ఒళ్ళు మండిపోయింది.

“సైకిలు పందెం చూసి పిల్లనిస్తారా ఎవరైనా? కుర్రాడి గుణం చూడాలి గానీ!”

“గుణానికేం, మా ఇంజన్‌లో బొగ్గుక్కూడా ఉంటుంది గుణం. సైకిలు తొక్కడం ఓ ఉద్యోగమటే?”

“సరే, ముందు నడవండి. పందెంవాళ్ళు ఊళ్ళోకి వచ్చే వేళవుతోంది.”

నడిస్తేగా! కట్టుకున్న మొగుడి ఎత్తులు ఆవిడకు తెలియనివా? పందెం చూడ్డం తప్పిపోతే, కుర్రాడు ఎన్నోవాడుగా వచ్చినా ‘నా కళ్ళతో చూశానా?’ అని దులిపేసుకోవచ్చు. అందుకే పొద్దుట్నుంచీ నత్తకు నడక నేర్పుతున్నాడు మహానుభావుడు. కోటలో ఏ ఫిరంగినీ వదల్లేదు. మ్యూజియంలో రాజుగారి చెప్పుల ముందు కూడా నిలబడి, పక్కనున్న చీటీ పైనుంచి కిందికి చదివాడు. హోటల్లో చేప వేపుడు చల్లారిందని వెనక్కి పంపాడు. అది వేడిగా వచ్చాక నాలుక కాలిందని ఐస్‌క్రీం తెప్పించుకున్నాడు. అదయ్యాక ఇంకోటి.

“నాన్నా, నీకు దండం పెడతాను, లే!” అంది కూతురు.

“తినేవాణ్ణి తొందరపెట్టకూడదమ్మా.”

భార్య ఆయన ముందున్న కప్పు లాగేసుకుని, మిగిలింది రెండు గుటకల్లో తనే మింగేసింది. “అయిపోయింది. లేవండి!”

జనాన్ని తోసుకుంటూ ముగ్గురూ అడ్డకమ్మీల దగ్గరకు చేరేసరికి, పందెంవాళ్ళకు దారి చేస్తూ ముందొచ్చే మోటారు సైకిళ్ళ మోత వినిపిస్తోంది. ఎదురుగా మలుపు, ఆ తర్వాత ఎత్తు, ఎత్తు మీద గెలుపు గీత. ఈయన మాటంటే మాటే. కుర్రాడు ఓడిపోతే తన పిల్ల మొహంలో మళ్ళీ నవ్వన్నది చూస్తానా అనిపించింది ఆవిడకు.

మొదటి ఇద్దరూ రివ్వున దూసుకుపోయారు. వాళ్ళ వెనకే నారింజరంగు చొక్కా.

“అమ్మా, తనే! మూడోవాడు!” కూతురు గొంతు చించుకుని అరిచింది.

ఆ అరుపు ఆగకముందే మలుపులో ముందు చక్రం జారింది. కుర్రాడు దభీమని పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది, చైను ఊడింది. ఎలాగో చైను ఎక్కించి, సైకిలెక్కి కూర్చున్నాడు గానీ, ఆ ఎత్తులో పెడల్ కదిలితే ఒట్టు. వెనక మలుపులోంచి మిగతా గుంపంతా కట్ట తెగినట్టు వచ్చేస్తోంది.

“తొక్కరా! తొక్కు!”

ఈ గొంతెవరిదా అని ఆవిడ తిరిగి చూసేలోపే మొగుడు పక్కన లేడు. కమ్మీ దూకేశాడు! కుర్రాడి సీటు వెనక రెండు చేతులూ ఆనించి, “తొక్కరా నాయనా!” అంటూ ఎత్తు మీదికి పరిగెత్తాడు. ఒక బూటు ఊడి దారిలో పడినా పట్టించుకోలేదు. సైకిలు ఊపందుకుంది. వెంట్రుకవాసిలో గీత దాటింది.

మూడోవాడే!

తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. ఎంత మొండిఘటమైనా, కళ్ళముందు ఒకడు పడిపోతే చూస్తూ నిలబడలేని మనిషి తన మొగుడు. ఆవిడకు చెప్పలేనంత గర్వం కలిగింది. అవతల ఆయన చుట్టూ జనం మూగారు. ఒంటి బూటుతో నిలబడి, “రైళ్ళు నడిపినవాణ్ణండీ, సైకిలొక లెక్కా!” అని చేతులు తిప్పుతూ చెప్పుకుపోతున్నాడు.

అంతలో మైకు గరగరలాడింది.

“మూడో స్థానం ఇంకా ఖాయం కాలేదు. ప్రేక్షకుడెవరో ఉత్సాహం కొద్దీ తోస్తే హెచ్చరించి వదిలేస్తాం. తోసింది ఆటగాడి సొంతమనుషులని తేలితే మాత్రం అతన్ని పోటీలోంచి తొలగిస్తాం.”

ఆవిడ గబుక్కున మొగుడి వైపు తిరిగింది. మొగుడు తన గొప్పలు తప్ప ఇంకేం వినే స్థితిలో లేడు. “ఏవండీ! ఏవండోయ్!” అంటూ మోచేతులతో జనాన్ని నెట్టుకుంటూ ఉరికింది. ఆవిడకన్నా ముందే పందెం న్యాయనిర్ణేత, ఆయన వెనకే పాలిపోయిన మొహంతో కుర్రాడు అక్కడికి చేరారు.

“అయ్యా, ఇతన్ని తోసింది మీరేనా?”

“నేనే! నేను కాక ఇంకెవరికుంది ఆ దమ్ము?”

‘ఇంతవరకూ ఫర్వాలేదు. వాడెవడో నాకు తెలీదనండి చాలు,’ అనుకుంటూ ఆవిడ జనం వెనకనుంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆయన చూశాడు. ఇప్పటికైనా పెళ్ళికి ఒప్పుకోమని బతిమాలుతోందనుకున్నాడు కాబోలు, ‘నాకు తెలుసులేవే’ అన్నట్టు చల్లగా నవ్వాడు.

“ఈ అబ్బాయి మీకేమన్నా అవుతాడా?” అని అడిగాడు న్యాయనిర్ణేత.

డ్రైవరు కుర్రాడి భుజం చుట్టూ చెయ్యేసి దగ్గరకు లాక్కుని, ఊరంతా వినేలా చెప్పాడు.

“అవుతాడా ఏమిటండీ, మా అల్లుడు!”