పసుపు మూత మందు

"డబ్బా లేకుండా నేను రాయను, ఇంజినీరమ్మా."

ఆ వారంలో, తోటల్లో పురుగుమందు కొట్టే బిహి ఆ మాట అనడం అది నాలుగోసారి. మందు పేరు చెప్పడానికి సనా సిద్ధంగా నిలబడే ఉంది. ఆయన మాత్రం మందుల గదిలోకి వెళ్లి, పొద్దున కొట్టిన మందు ఖాళీ డబ్బాను వెతికి తెచ్చి, బల్ల మీద ఎదురుగా పెట్టుకుని, ముక్కు పుస్తకానికి ఆనేంతగా వంగి రాయడం మొదలుపెట్టాడు.

"నేను చెబుతున్నాగా బాబాయ్! రాసుకోవడమే కదా?"

"చెవిని నమ్మను తల్లీ. కంటినే నమ్ముతాను."

సనా ఆ టమాటా తోటలకు ఇంజినీరుగా వచ్చి మూడు నెలలయింది. పాలీహౌస్‌లో మందు కొట్టిన ప్రతిసారీ ఏ రోజు, ఏ హౌస్‌లో, ఏ మందు కొట్టారో పుస్తకంలో ఎక్కించి తీరాలని నియమం. మిగతావాళ్లు ఆ పని నిలబడే కానిచ్చేవాళ్లు. "పసుపు మూత" అనో, "నల్లి మందు" అనో గీకేసి పుదీనా టీకి పోయేవాళ్లు. బిహికి మాత్రం ఒక్క వరసకు ముప్పావు గంట. తేదీ వేయాలంటే గోడ మీది క్యాలెండరు కాగితం చింపి తెచ్చుకునేవాడు. హౌస్ నంబరు వేయాలంటే పుస్తకం చంకన పెట్టుకుని ఆ హౌస్ గుమ్మం దాకా నడిచేవాడు. లేబుల్ మీద ఫ్రెంచిలో ఉన్న పేరు, దాని కింద చీమతలంత అక్షరాల్లో రసాయనం పేరు, అనుమతి నంబరు, ఆఖరికి పేరు పక్కన సున్నా చుట్టిన బుల్లి అక్షరం కూడా వదిలేవాడు కాదు.

"మన అరబీలో రాయొచ్చుగా బాబాయ్, త్వరగా అవుతుంది," అంది సనా ఒకసారి.

"అక్కడ ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉండాలి."

మేస్త్రి లహ్సెన్‌కు ఆయనను చూస్తే వేళాకోళం. "లేబుల్ మీద ఈగ వాలితే ఈగను కూడా ఎక్కిస్తాడీయన! తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చోబెట్టండి ఇంజినీరమ్మా. లారీలు ఎదురుచూస్తున్నాయి."

సనాకూ ఓపిక నశించింది. శనివారం నుంచి బిహిని గేటు కాపలాకు మార్చేద్దామని నిశ్చయించుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇజ్జా పడిపోయింది.

టమాటా తీగలు కట్టే మనిషి ఇజ్జా. ముందురోజు మరిచిపోయిన శాలువా కోసం ఏడో హౌస్‌లోకి వెళ్లింది. పొద్దున్నే అక్కడ మందు కొట్టారు. లోపలికి రావద్దన్న బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది. ఒక్క నిమిషమే కదా అనుకుంది. బయటికి వచ్చేసరికి నోటి వెంట నురగ, ఒళ్లంతా వణుకు. ఆ తోటలోనే పనిచేసే అక్క రఖియా ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకుని వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అరగంటకు డాక్టరు ఫోను. "ఏ మందు? నాకు కచ్చితమైన పేరు కావాలి. రెండు రకాల విషాలకు లక్షణాలు ఒకేలా ఉంటాయి, వైద్యం ఒకటి కాదు. త్వరగా చెప్పండి."

సనా ఆ పొద్దున వేరే తోటలో ఉంది. లహ్సెన్ వైపు చూసింది.

"పసుపు మూతది!" అన్నాడతను.

"పసుపు మూత మందులు మూడున్నాయి మేస్త్రీ! ఏది?"

లహ్సెన్ మందుల గదిలోకి పరిగెత్తాడు. ఖాళీ డబ్బాలన్నిటికీ మళ్లీ ఎవరూ వాడకుండా చిల్లులు పొడిచి లారీలో పంపేసి మూడు గంటలైంది. పురుగుమందులు అమ్మే దుకాణదారుకు సనా ఫోను చేస్తే, అతను నమాజు నుంచి పరుగున వచ్చి తన పుస్తకం తిరగేశాడు. "మీ తోటకు... ఆఁ, పసుపు మూత, పన్నెండు డబ్బాలు. అంతే రాసుకున్నానమ్మా."

సనా బిహి చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, ఏడో హౌస్‌లో కొట్టింది మీరే కదా? దాని పేరేమిటి?"

బిహి మొహం పాలిపోయింది. "పుస్తకంలో ఉందమ్మా."

"నోటితో చెప్పవయ్యా! అక్కడ మనిషి ప్రాణం పోతోంది!" అని అరిచాడు లహ్సెన్.

"పుస్తకం చూడండి," అని గొణుగుతూ పరిగెత్తి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

సనా డాక్టరుకు ఫోనులో ఒక్కొక్క అక్షరం చదివింది. పేరు, రసాయనం, శాతం, నంబరు. ఒక్క చుక్క తప్పు పోలేదు.

"చాలు. నాకు కావలసింది ఇదే," అని డాక్టరు ఫోను పెట్టేశాడు.

పదో రోజున ఇజ్జా తన కాళ్ల మీద తను నడిచి వచ్చింది. బాదం, అర్గాన్ నూనె, తేనె కలిపి నూరిన అమ్లూ గిన్నెడు, వేడి రొట్టెలు తెచ్చింది. వస్తూనే గౌరవంగా వంగి బిహి భుజాన్ని ముద్దు పెట్టుకుంది.

"నా పిల్లలకు తల్లిని మిగిల్చావు బాబాయ్. ఆ డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఇంత వివరంగా రాసిన పుస్తకం గురించి ఇంతవరకూ వినలేదన్నాడు."

"అంతా దేవుడి దయ తల్లీ. నాదేముంది!" బిహి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏం మేస్త్రీ, ఇప్పుడు చెప్పు ఈగ సంగతి!" అంది రఖియా.

"చెంపలేసుకుంటున్నా తల్లీ," అంటూ లహ్సెన్ రొట్టె తుంచి, అమ్లూలో ముంచి, మొదటి ముక్క బిహి చేతిలో పెట్టాడు.

సనాకు సంతోషంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. ఈ మనిషినా తను గేటు దగ్గర కూర్చోబెట్టాలనుకుంది! ఆయనను పక్కకు పిలిచి ఆ మాటే చెప్పి, క్షమించమని అడిగింది. తర్వాత అంది: "సోమవారం నుంచి మందు కొట్టేవాళ్లందరికీ మీరే పాఠం చెప్పాలి బాబాయ్. ప్రతివాడూ మీలాగే రాయాలి."

బిహి ఇబ్బందిగా కదిలాడు. లహ్సెన్ వినడం లేదని చూసుకుని గొంతు తగ్గించాడు.

"రాయడం ఎంతమందికైనా నేర్పుతానమ్మా," అన్నాడు.

"చదవడం మాత్రం నాకు రాదు."