సీటు పిన్ను

అన్నను పొట్టన పెట్టుకున్న పాత జెట్ ఫైటర్‌కు అది జానెడు నమూనా. రివెట్లతో సహా అచ్చు గుద్దినట్టుంది. ఒకప్పుడు ఆ విమానానికి మెకానిక్‌గా పనిచేసిన తమ్ముడు, కాక్‌పిట్ అద్దపు మూతను జిగురుతో అతికించాడు.

వదిన భూతద్దంలోంచి చూసింది. "సీటుకి ఎర్ర రిబ్బను పిన్ను ఉండాలి కదా?"

"ఎగిరే ముందు మేం తీసేస్తాం వదినా. అది ఉంటే, ప్రమాదంలో పైలట్ పిడి లాగినా సీటు బయటికి ఎగరదు."

"మరి ఆ రోజు తీశావా?"

అతను జిగురు సీసా మూత బిగించాడు. ఆమె వెళ్లిపోయింది.

దీపం ఆర్పబోతూ చూశాడు. అతికించిన అద్దపు మూత అతికించినట్టే ఉంది. లోపల సీటుకు ఎర్ర రిబ్బను వేలాడుతోంది. అద్దం మీద లోపలినుంచి టక్, టక్.

తలుపు దగ్గరికి పరిగెత్తాడు. ఎంత లాగినా గడియ కదల్లేదు. దానికి మూరెడు ఎర్ర రిబ్బను వేలాడుతోంది. గదిలో ఇంధనం కాలుతున్న వాసన.

వెనకనుంచి అన్న గొంతు వినిపించింది.

"నేనూ ఇలాగే లాగానురా, తమ్ముడూ."