మూగాట

"నవ్వొస్తే ఇది నోటికి అడ్డం పెట్టుకో అన్నయ్యా," అంటూ టైలరు భార్య డ్రైవరు ఒళ్ళో దిండు పడేసింది.

డ్రైవరు నవ్వు బస్సు హారనే.

కింది వాటాలో కొత్తగా దిగినాయన్ని వీళ్ళెవరూ చూడలేదు. ఇక్కడ నవ్వు పేలినప్పుడల్లా ఆయన బూజుకర్రతో కప్పు మీద దబదబా పొడిచే చప్పుడు మాత్రం తెలుసు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనన్నాడు ఓనరు.

పేకాట మానేద్దామని టైలరు అనుకోకపోలేదు. కానీ వారమంతా కుట్టు మిషనుతో కాపురం చేసేవాడికి మనుషుల మధ్య గడిచేది ఈ ఆదివారం మధ్యాహ్నమొక్కటే.

ఆడేది పోకరే. ముక్కలు పంచేవాళ్ళు ఏ రకం ఆట చెబితే ఆ రకం. పందేనికి గుండీలు. నాలుగో చెయ్యి అయిన మాస్టారు ఈ వారం రాలేదు.

డ్రైవరు 'నుదుటాట' అన్నాడు. ఎవరి ముక్క వాళ్ళు చూడకుండా నుదుటికి ఆనించుకోవాలి. తన నుదుటి మీద ఉన్నది అన్నిటికన్నా చిన్నదైన రెండని తెలియక గుప్పెడు గుండీలు ముందుకు తోశాడు.

"ధైర్యమంటే నీదే బావా!" అన్నాడు టైలరు.

ముక్క తిప్పి చూసుకున్నాక డ్రైవరు నవ్విన నవ్వుకి దిండు చాల్లేదు.

కాసేపటికి ఎవరో తలుపు కొట్టారు.

గుమ్మంలో ఒకాయన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కాకి ఒక గుండీ లేదు. తక్కినవి ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు.

"చూడండీ, మీరు..."

"మాస్టారి తోడల్లుడే కదూ?" డ్రైవరు ఆయన చెయ్యి పట్టి లాగాడు. "తను రాలేనని, మిమ్మల్ని పంపుతానని అన్నార్లెండి. ఇంత లేటా?"

"అది కాదండీ..."

"సాకులు తర్వాత. పంచండి!"

కూర్చున్నాయన దిండు వంక చూశాడు. "అదెందుకు?"

"కింద ఒక రాక్షసుడున్నాడు," టైలరు భార్య గొంతు తగ్గించింది. "మేం నవ్వితే ఓర్వలేడు."

ఆయన పేక కలిపాడు.

"అయితే మూగాట ఆడదాం. మాట్లాడినా, నవ్వినా గుండీ జరిమానా. బల్ల మీద ఒకసారి కొడితే 'వదిలేశా'. రెండుసార్లు కొడితే 'నేనూ ఉన్నా'."

గది నిశ్శబ్దమైంది. గోడ మీద గడియారం ఉన్నట్టు అప్పుడే అందరికీ గుర్తొచ్చింది. మంచి ముక్కలు లేకుండానే దబాయించేటప్పుడు భార్య ముక్కుపుట అదురుతుందని ఇన్నేళ్ళ కాపురంలో టైలరు తొలిసారి చూశాడు. ఇన్నాళ్ళూ ఆమె మాటలే విన్నాడు. డ్రైవరు కళ్ళనీళ్ళతో ఊగిపోతున్నాడు, చప్పుడు లేకుండా.

కొత్తాయన మాత్రం చేతిలో ఏమున్నా, లేకపోయినా, ప్రతిసారీ టక్ టక్.

గుండీలన్నీ పోగొట్టుకుని లేచాడు. "రాత్రి డ్యూటీ. కాస్త నిద్రపోవాలి."

"ఇదుంచండి. మీ చొక్కాకి సరిపోతుంది," టైలరు ఒక గుండీ ఇచ్చాడు.

ఆయన దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, నవ్వి వెళ్ళిపోయాడు.

"బంగారంలాంటి మనిషి. వచ్చే వారం మాస్టారు మానేసినా ఫరవాలేదు!" అన్నాడు డ్రైవరు.

మళ్ళీ తలుపు చప్పుడు. ఈసారి ఓ బక్కపల్చటి మనిషి.

"నమస్కారమండీ. మాస్టారి తోడల్లుణ్ణి. ఆలస్యమైంది."

"మరి ఇందాకటాయన ఎవరు?" అన్నాడు టైలరు.

డ్రైవరుకి నవ్వు ఆగలేదు. దిండు అందేలోపే హారను మోగిపోయింది.

అందరూ బిగుసుకుపోయి నేల వంక చూశారు.

కాళ్ళ కింద బూజుకర్ర చప్పుడైంది, ఎప్పట్లా దబదబా కాదు, తీరిగ్గా, రెండే రెండుసార్లు.