బుల్లెమ్మ మేసే చోటు

"బుల్లెమ్మ సముద్రంలో మేతకు దిగింది" అని గోడ మీది తెర చెప్పగానే, చేతిలో అట్లకాడతోనే వాకిట్లోకి పరిగెత్తాను.

"బావా! మన పిట్ట కదిలింది!"

వల బాగుచేస్తున్న నూకరాజు తలెత్తలేదు. "మళ్ళీ మన మేడ మీదకేనేటి?" అన్నాడు.

ఆ ఎగతాళికి కారణం నేనే. మా ఊరి కట్టుబాటు ప్రకారం చలికాలమంతా ఏ ఇంటి పడవైనా ఆ ఇంటి పిట్ట మేసే చోటే వల వేయాలి. మిగతా సముద్రానికి విశ్రాంతి. పెళ్ళికి ఊరివాళ్ళు మాకు పడవతో పాటు, ఎక్కడుందో తెరకు తెలిపే ఉంగరం కాలికి తొడిగిన బుల్లెమ్మనూ ఇచ్చారు. తెల్లటి రెక్కలు, ఎర్రటి ముక్కు. ముద్దొచ్చి రోజూ మేడ మీద ఎండు నెత్తళ్ళు పెట్టాను. ఇంకేముంది, అది ఇల్లు కదలడం మానేసింది. తెర మీద మా మేత చోటు మా మేడే అని వచ్చింది!

"మేడ మీదే వలెయ్యండర్రా, కాకులన్నా పడతాయి" అని మా అత్తమ్మ వీధంతా వినేలా నవ్వింది. ఈ వారం కూడా వల వేయకపోతే ఊరు మా కొత్త పడవను వేరే ఇంటికి ఇచ్చేస్తుంది.

అందుకే నెత్తళ్ళ డబ్బాకు తాళం వేశాను. బుల్లెమ్మ పిట్టగోడ మీద కూర్చుని అలిగినా కరగలేదు.

నూకరాజు తెర చూసి నసిగాడు. "శానా దూరమే. ఒక్కణ్ణీ ఎలాగెళ్ళేది?"

"ఒక్కడివెందుకు? రేపు తెల్లారగానే నేనూ వత్తాను. సద్దిలోకి టమాటా పచ్చడే. ఎండుచేప ముక్క కూడా పడవెక్కకూడదు. వాసన తగిల్తే మేత మానేసి మన ఒళ్ళోకొచ్చి కూకుంటాది."