చివరి గడి

"ఎడమచేతిదా? మీకా?" టెస్సా చేతిలోని కర్ర అలాగే ఆగిపోయింది.

"నాకే," అన్నాడు వెర్నన్. "భుజం సహకరించడం లేదు తల్లీ." కుడి భుజం మీద చెయ్యి వేసుకుని మొహం చిట్లించాడు.

టెస్సా ఆ గోల్ఫ్ సామాన్ల కొట్లో మనిషి ఎత్తూ ఊపూ చూసి, ఎవరికి ఏ కర్ర నప్పుతుందో చెప్పే అమ్మాయి. వెర్నన్‌ని చిన్నప్పటి నుంచీ ఎరుగును. తొలిదెబ్బకి వాడే పొడుగు కర్ర, అదే డ్రైవర్, పట్టుకున్నాడంటే ఊళ్ళో ఆయన తర్వాతే ఎవరైనా అని వాళ్ళ నాన్న ఇప్పటికీ అంటాడు.

"ఈ వయసులో చెయ్యి మార్చుకోవడం ఏమిటండీ! మళ్ళీ ఓనమాలు దిద్దుకుంటారా? ఇదిగో, ఈ కుడిచేతిది చూడండి. దూదిలా తేలిక. భుజానికి తెలియను కూడా తెలియదు."

మొహమాటానికి ఒక్క దెబ్బ కొట్టాడు. బంతి వెళ్ళి కొట్లోనే కట్టిన తెర నడిమధ్య ఠప్పున తగిలింది. దెబ్బ కొలిచే యంత్రం చూపించిన దూరానికి టెస్సా ఈల వేసింది.

"అబ్బా!" అని కాస్త ఆలస్యంగా భుజం పట్టుకున్నాడు వెర్నన్.

"ఇంత బాగా కొట్టి..."

"నొప్పి నాకు తెలుస్తుంది గానీ నీ యంత్రానికేం తెలుస్తుందే?"

కొట్లో ఎడమచేతి డ్రైవర్లు రెండంటే రెండే ఉన్నాయి. మొదటిదానితో ఊపితే బంతి ఉన్నచోటే ఉంది, టోపీ మాత్రం ఎగిరిపోయింది. రెండోది తల పెద్దది, కాడ మెత్తనిది. దాంతో కొడితే బంతి నాలుగు దొర్లులు దొర్లింది.

"ఇది నయం. కనీసం బంతిని పలకరించింది," అన్నాడు. "నా పాత డ్రైవర్ని తీసేసుకో."

"ఉంచుకోండి. భుజం నొప్పి తగ్గొచ్చు కదా."

"ఇంట్లో ఉంటే చెయ్యి దాని మీదకే పోతుంది."

పాత డ్రైవర్ని బల్ల మీద పెడుతుంటే ప్రాణం ఉసూరుమంది. ఈ లోకంలో తనకి బాగా వచ్చిన పని అదొక్కటే. అయినా ఆగలేదు. బ్యాగు కుడి భుజానికి తగిలించుకుని మంచులోకి నడిచాడు.

ఒకప్పుడు నలుగురు స్నేహితులు కలిసి ఆడేవాళ్ళు. ఒకడు పోయాడు. ఒకడు ఎండ కోసం అరిజోనా పోయాడు. మూడోవాడికి ఇప్పుడు వెర్నన్ ఎవరో గుర్తులేదు. భార్య పోయాక ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. మిషిగన్ చలికాలంలో గోల్ఫ్ మైదానం మంచు కింద నిద్రపోతుంది కనుక, అందరూ హీటర్లు పెట్టిన షెడ్డుకి వచ్చి, మైదానం వైపు తెరిచి వరసగా ఉన్న గడుల్లో ఒక్కొక్కరు నిలబడి బంతులు కొట్టుకుంటారు. వెర్నన్ రోజూ వెళ్ళేవాడు, ఎవరైనా ఒక మాట మాట్లాడతారేమోనని.

మాట్లాడితేగా! కుడిచేతి వాళ్ళంతా ఒకే వైపు తిరిగి నిలబడతారు. ముందువాడి వీపు వెనకవాడికి, వాడి వీపు ఆ వెనకవాడికి. వెర్నన్ ముందు ఎప్పుడూ ఒక నారింజరంగు జాకెట్. దాని వీపు మీద బౌలింగ్ జట్టు పేరు. బంతి ఎంత దూరం పోయినా ఆ జాకెట్ వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. జాకెట్‌కి అవతల, గోడ పక్కన, చివరి గడి ఎప్పుడూ ఖాళీ. అది ఎడమచేతి వాళ్ళది. కుడిచేతివాడు నిలబడితే గోడతో మాట్లాడుకోవాలి.

"ఎడమచేతి కర్ర ఉంటేనే ఆ గడి," అని షెడ్డు యజమాని మరీమరీ చెప్పాడు. వెర్నన్ కొత్త డ్రైవర్ చూపించి అందులోకి వెళ్ళాడు.

కాళ్ళు తికమకపడ్డాయి. నడుము తిరగనంది. అరచేతులు బొబ్బలెక్కాయి. బంతులు పక్కకీ కిందకీ పోయాయే గానీ ముందుకి పోలేదు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, పై అర మీదున్న సూపు డబ్బా కుడిచేత్తో అందుకుంటూ, పాత డ్రైవర్ ఉండే మూల ఖాళీగా కనబడేసరికి ఏడుపొచ్చేసింది. ఉన్న ఒక్క గొప్పా చేజేతులా పోగొట్టుకున్నాను అనుకున్నాడు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. పళ్ళు బిగించి ఊపాడు. బంతి అడ్డంగా ఎగిరి, గడుల మధ్య పొట్టి చెక్కకి తగిలి, గెంతి నారింజ జాకెట్ కాళ్ళ దగ్గర పడింది.

"గురూ! మైదానం అటు. నేనిటు."

వెర్నన్ తలెత్తాడు. గుండ్రటి మొహం, ముక్కు చివర కళ్ళజోడు, తెల్లటి పిల్లిగడ్డం. పాత గడి నుంచి ఇన్నాళ్ళూ చూసింది ఒక్క వీపునే; ఇక్కడికొచ్చాక బంతి మీంచి తల ఎత్తిందే లేదు.

"క్షమించండి. ఇంకా అలవాటు కాలేదు."

"అది కనబడుతూనే ఉంది!" ఆ మనిషి పగలబడి నవ్వాడు. "ఎడమచేతివాడివి, నాకెదురుగా ఉన్నావుగా, బంతిని నువ్వు తిట్టే తిట్లన్నీ నీ మొహంలో చూస్తున్నా. నవ్వాపుకోలేక నా దెబ్బలూ చెడుతున్నాయి. నా పేరు డ్వేన్. కాఫీ తాగుతావా?"

ఫ్లాస్కు మూతలో పోసిచ్చాడు. చల్లారిపోయిన కాఫీ. వెర్నన్ చుక్క మిగల్చకుండా తాగాడు.

"ఇంతకీ ఈ వయసులో చెయ్యెందుకు మార్చావయ్యా?"

"భుజం."

"అయ్యో పాపం. రేపొస్తావా మరి?"

"వస్తా," అన్నాడు వెర్నన్.

ఆయన కుడి భుజానికి ఏనాడూ ఏ నొప్పీ లేదు.