ఇరవై రెండు సైజు

మంగళవారం ఉదయం పదకొండుంబావుకు ఆత్మకూరు బస్టాండు ఎదుటి ప్రింటింగు దుకాణంలో ఒక పెళ్లికార్డు ఏడోసారి ఆగిపోయింది.

పెళ్లికి పదకొండు రోజులుంది. కార్డులు ఆ రోజే అచ్చయి, సాయంత్రం బస్సులకు ఊళ్లకు పోవాలి.

కార్డు తిమ్మమ్మ కూతురి పెళ్లిది. ఆపింది తిమ్మమ్మ అన్నదమ్ములు. అన్న బాలన్నది మానవపాడు. తమ్ముడు చిన్నయ్యది రాజోలి. బోరు మోటారు దగ్గర మాట పెరిగి మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

పిల్లను చెయ్యి పట్టి మండపానికి తీసుకురావలసింది మేనమామలు. ఇద్దరూ రావాలి. తిమ్మమ్మకు కావలసింది అంతే. అన్నదమ్ములు పెట్టిన షరతు కూడా ఒకటే. కార్డు మీద తన పేరు రెండోవాడి పేరు కంటే తక్కువ కనబడితే పెళ్లికి రానని బాలన్న అన్నాడు. చిన్నయ్య కూడా అదే అన్నాడు.

పిల్ల తండ్రి ఈ పంచాయితీలోకి తనను లాగొద్దని చెప్పి వేరుశనగ చేనుకు పోయాడు.

దుకాణం ఇలియాస్‌ది. అతను కార్డును కంప్యూటర్‌లో గడులుగా చేసి పెట్టుకుంటాడు. పేర్లకు, తేదీకి, ఫంక్షన్ హాలుకు ఒక్కో గడి. గడిలో ఏది రాస్తే కార్డు మీద అది పడుతుంది. ఏమీ రాయకపోతే ఆ వరుస మూసుకుపోయి కిందిది పైకి జరుగుతుంది. ఏ గడిలో అక్షరాలు ఎంత సైజు, ఏ రంగు, ఎంత లావు ఉండాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. ఈ చివరి సంగతి మేనమామల ముందు చెప్పడమే ఇలియాస్ చేసిన తప్పు.

మొదట బాలన్న పేరు పైన, చిన్నయ్య పేరు కింద వేశాడు.

“పిల్లను మా ఇంట్ల ఉంచుకొని ఇంటర్ దాకా సదివిచ్చిన. నా పేరు కింద ఏస్తవా భాయ్?” అన్నాడు చిన్నయ్య.

పక్కపక్కన వేశాడు. రెండూ ఇరవై రెండు సైజు. బాలన్న చీపురుపుల్ల విరిచి కాగితం మీద పెట్టి కొలిచాడు.

“ఇలియాస్, గాయన పేరు నా పేరు కంటే ఇంత పొడుగున్నది. ఏంది కథ?”

“సైజు ఒక్కటే కాకా. ఆయన పేరు చివర య్య ఉన్నది. అది జర జాగ ఎక్కువ తీసుకుంటది.”

“అయితే తీసెయ్యి.”

“మా అయ్య పెట్టిన పేరది. తియ్యనీకి ఆయనెవరో అడుగు భాయ్,” అన్నాడు చిన్నయ్య గోడ వైపు చూసి.

“ఆ అయ్య నాకు గూడ అయ్యనే అని చెప్పు ఇలియాస్.”

ఇద్దరి మధ్య దూరం రెండు అడుగులు. ఇలియాస్ మౌసు అందుకున్నాడు. బాలన్న పేరును పక్కకు సాగదీశాడు. పుల్ల సరిపోయింది.

తల్లి తిమ్మమ్మ పక్కన నిలబడ్డ పెళ్లిపిల్ల బల్ల మీది కాగితం తీసుకుని చూసింది.

“మామా, గీడ పైన...”

“ఆగు కోడలుపిల్లా. పెద్దోళ్లం మాట్లాడుతున్నం గద,” అన్నాడు చిన్నయ్య. “భాయ్, ఎడమదిక్కున్న పేరే కదా ముందు సదివేది? గాయన పేరు ఎడమకెందుకున్నది?”

ఏడోసారి ఆగింది ఇక్కడే.

ఇలియాస్ టీ తెప్పించాడు. తాగాక కార్డులు అందుకునేవాళ్ల జాబితా తెరిచి అందులో ఒక గడి కొత్తగా చేర్చాడు. ఎవరి వైపు చుట్టాలు అన్నది ఆ గడి. మానవపాడు వైపు పోయే కార్డులో బాలన్న ఎడమకు వస్తాడు. రాజోలి వైపు పోయే కార్డులో చిన్నయ్య ఎడమకు వస్తాడు. మిగతా ఊళ్లకు సగం అట్లా, సగం ఇట్లా.

“రెండు కార్డులు ఒక్కదగ్గర పడితే?” అని అడిగాడు బాలన్న.

“పెళ్లికి కార్డు పట్టుకొని ఎవరొస్తరు కాకా?”

బాలన్న ఆలోచించాడు. చిన్నయ్య కూడా ఆలోచించాడు.

“అన్నా, ఒక్క ముచ్చట,” అంది పెళ్లిపిల్ల ఇలియాస్‌తో.

తిమ్మమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. “నువ్వు నడుమ రాకే. గిప్పుడిప్పుడే కుదురుతున్నది.”

పన్నెండున్నరకు నమూనా కార్డులు రెండు వచ్చాయి. బాలన్న తన పేరును పుల్లతో కొలిచాడు. చిన్నయ్య చెయ్యి చాచి పుల్ల తీసుకుని తన పేరు కొలుచుకున్నాడు. పుల్ల చేతులు మారేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నీది గూడ సక్కగనే పడ్డది,” అన్నాడు బాలన్న.

మూడేళ్లలో అతను తమ్ముడితో అన్న మొదటి మాట అది. తిమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, అల్లుడు క్రాంతి కుమార్ పేరు, తేదీ, ఫంక్షన్ హాలు చూసుకుంది. ఇలియాస్ తన దుకాణం ఫోన్ నంబరు కింద పడిందా లేదా చూసుకున్నాడు.

చివరికి కార్డు పెళ్లిపిల్ల చేతికి వచ్చింది. ఆమె పై నుంచి కింది దాకా చదివింది. ఒకే పుల్ల పట్టుకుని ఒకే కాగితం మీద వంగిన మేనమామలను చూసింది. నవ్వింది.

“ఏమన్న మార్చాల్నా చెల్లె?” అన్నాడు ఇలియాస్.

“ఏం వద్దన్నా. మంచిగున్నది. అచ్చు కొట్టు.”

మూడు వందల కార్డులు అచ్చయ్యాయి. సాయంత్రం బస్సులకు వెళ్లాయి. పెళ్లిరోజు బాలన్న కుడిచెయ్యి, చిన్నయ్య ఎడమచెయ్యి పట్టుకుని పిల్లను మండపానికి తీసుకొచ్చారు.

పెళ్లి జరిగి నలభై రోజులైంది. ఆ మూడు వందల కార్డుల్లో ఒక్కదాని మీద కూడా పెళ్లికూతురి పేరు ఎందుకు లేదని ఇప్పటివరకు ఎవరూ అడగలేదు.