ఎనభై మీటర్ల సాక్షి

"నేను లేవను. ఏం చేసుకుంటారో చేసుకోండి," అంటూ నిండు సిలిండర్ మీద బైఠాయించింది డైవరు భార్య. పడవ నడిపేదీ ఆవిడే, సిలిండర్లలో గాలి నింపేదీ ఆవిడే. అందుకని ఆ పడవలో డైవరు గాలి పీల్చాలన్నా ఆవిడ అనుమతి కావాలి.

"లేవోయ్! తాడుకి ఎనభై మీటర్ల దగ్గర ఎర్ర బిళ్ళ కట్టాం. అది విప్పుకుని వచ్చేస్తాను. అంతేగా!"

"మామూలు గాలితోనా? హీలియం కలిపిన గ్యాసు ఉండగా?"

"కలిపిన గ్యాసుతో ఎవడైనా దిగుతాడు. గాలితో దిగినవాడే మొనగాడు."

"గాలితో కాదు, గాలి మాటలతో దిగుతున్నారు. అంత లోతులో ఆ గాలే మందవుతుంది. తాగకుండానే తూలతారు. మత్తొక్కటే అయితే సరిపెట్టుకుందును. ఆక్సిజనే విషమై ఫిట్స్ వస్తే? నోట్లో గొట్టం ఊడితే? నేను పైన తాడు పట్టుకుని ఎవర్ని పిలవాలి?"

"నాకు మత్తెక్కదు. నా తల గట్టిది."

"నాకు తెలీదూ! పెళ్ళయినప్పట్నుంచీ బద్దలు కొడుతూనే ఉన్నాను. ఒక్క మాట లోపలికి పోలేదు."

కాళ్ళకి రబ్బరు రెక్కలు తొడుక్కుంటున్న బావమరిది కిసుక్కున నవ్వాడు. "బావని మునగచెట్టు ఎక్కించేవాళ్ళు క్లబ్బు నిండా ఉన్నారక్కా. పాపం, ఇవాళ ఆయనే దిగుతానంటున్నాడు. దిగనీ!"

"నువ్వు నోర్ముయ్యరా."

డైవరు పట్టు వదల్లేదు. వచ్చే వారం వంద మీటర్లు దిగి క్లబ్బు రికార్డు కొట్టాలి. ఈ ఎనభై దానికి పరీక్ష. ఆయన నీళ్ళు నమిలే రకం కాదు, నీళ్ళు కనిపిస్తే దూకే రకం.

చివరికి ఆవిడే ఒక మెట్టు దిగింది. "సరే, ఒక షరతు. తమ్ముడు హీలియం గ్యాసుతో మీ వెనకే వస్తాడు. వాడికి మత్తెక్కదు కాబట్టి వాడే సాక్షి. బిళ్ళ తీసుకుని, అక్కణ్ణుంచి ఒక్క మూర కిందకి పోకుండా బుద్ధిగా పైకొస్తే, వంద మీటర్లకి సిలిండర్ నేనే నింపుతాను. తల తిరిగిందని తేలిందా, ఈ జన్మకి గాలితో లోతుకి దిగడమన్న మాటకి నీళ్ళొదులుకోవాలి."

"ఒట్టు!" అన్నాడు డైవరు.

ఆవిడ సిలిండర్ మీంచి లేచింది.

డైవరు ముందు దూకాడు. తాడు వెంట తలకిందులుగా, చకచకా దిగాడు. పచ్చటి నీళ్ళు నీలమయ్యాయి, నీలం ముదిరి సిరా అయింది. యాభై దాటాక చెవుల్లో తుమ్మెదలు మోగాయి. ఆ తర్వాత మొదలైంది అసలు సుఖం. ఒంట్లో బరువు లేదు, మనసులో భయం లేదు. కరెంటు బిల్లూ, మోకాళ్ళ నొప్పీ, మేనత్త ఫోనూ ఏవీ అంత లోతుకి దిగి రాలేకపోయాయి. నిండా మునిగినవాడికి చలేమిటన్నారు కదా, చలి కూడా వేయలేదు. మధ్యలో తాడు గట్టిగా కుదిపినట్టయింది. పైన ఆవిడ హుషారు చేస్తోందనుకుని ఇంకాస్త వేగం పెంచాడు.

ఎర్ర బిళ్ళ కనిపించింది. వేళ్ళు మొరాయించినా విప్పాడు. తల తిప్పితే పక్కనే బావమరిది. అద్దం వెనక కళ్ళు నవ్వుతున్నాయి.

నీళ్ళలో సైగలే మాటలు. బావమరిది బొటనవేలు కిందకి చూపించాడు. ఇంకా దిగుదాం అని.

డైవరు తల అడ్డంగా ఊపాడు.

బావమరిది పది వేళ్ళూ రెండుసార్లు చాపాడు. ఇంకో ఇరవై దిగితే వంద అయిపోతుందని. తర్వాత మూతి దగ్గర వేలు పెట్టాడు. అక్కకి చెప్పనులే అని.

డైవరుకి ప్రాణం లాగేసింది. కింద చీకటి కొత్త పరుపులా మెత్తగా పిలుస్తోంది. ఇంకో వారం ఆగడమెందుకు? ఇరవై మీటర్లంటే వీధి చివర కొట్టుకి వెళ్ళి సబ్బు తెచ్చుకున్నంత దూరం! కానీ ఒట్టు ఒట్టే. తాడుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. బావమరిది మణికట్టు పట్టి లాగాడు. విదిలించుకున్నాడు. మళ్ళీ లాగాడు. ఈసారి డైవరు చూపుడు వేలు ఆడించి బెదిరించి, బొటనవేలు పైకి చూపించి, తాడు వెంట పైకి పాకాడు. వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోతానేమోనని భయం.

ఒంట్లో ఇంకిన గాలి మెల్లగా బయటపడాలి గనక, దారిలో తాడు పట్టుకుని చాలాసేపు వేలాడాడు. హీలియం పీల్చినవాడు ఆగే లెక్కలు వేరు. అందుకని బావమరిది కనిపించకపోయినా కంగారు పడలేదు. పైకి వస్తున్నకొద్దీ గాలి ఉబ్బుతుంది. ఆయన గర్వం కూడా అలాగే ఉబ్బింది.

పడవెక్కగానే బిళ్ళ ఆవిడ ఒళ్ళో పడేశాడు. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది. బావమరిది అప్పటికే తువ్వాలు కప్పుకుని అక్క పక్కన కూర్చున్నాడు.

"బతికే వచ్చారు," అంది ఆవిడ. తాడు మాత్రం ఇంకా వదల్లేదు.

"బతకడమేమిటోయ్, గెలిచి వచ్చాను! బిళ్ళ దాటి ఒక్క మూర దిగలేదు. ఇక నింపు, వంద మీటర్ల సిలిండర్!"

"తల తిరగలేదూ?"

"తిరగడమా! నీ సాక్షినే అడుగు. ఈ వెధవే నన్ను వందకి దిగమని చెయ్యి పట్టి లాగాడు. ఒకసారి కాదు, రెండుసార్లు! ఛీ పొమ్మని విదిలించుకుని వచ్చేశాను. మత్తెక్కినవాడు అలా వద్దనగలడా?"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు బావ వైపు చూశాడు.

"బావా," అన్నాడు మెల్లగా, "నీళ్ళలో తల ముంచగానే చెవి పట్టేసింది... నేనసలు దిగనే లేదు."